తలుపు లేని ఇంట్లో తాళం చప్పుడు

మా కొండ ఊరు రొక్కాలూపా నుంచి పట్నం పోయే దారిలో, కనుమ దగ్గర, ఒక పాడుబడ్డ సుంకం ఇల్లుంది. కప్పు సగమే మిగిలింది. కిటికీలు లేవు. తలుపు అసలే లేదు. ద్వారబంధం కూడా ఎవరో ఏనాడో పీక్కుపోయి పొయ్యిలో పెట్టుకున్నారు.

పగలు ఆ ఇంట్లో మేకలు పడుకుంటాయి. చీకటి పడితే మేకలు కూడా ఉండవు.

నేను కంచరగాడిదల మీద ఉన్ని వేసుకుని ముప్ఫై ఏళ్లుగా ఆ దారిన తిరుగుతున్నాను. ఎంత ఆలస్యమైనా సరే, పొద్దుగుంకాక ఆ కనుమ దాటను. కింద సత్రంలో పడుకుని తెల్లారాకే కదులుతాను. నన్ను చూసి నవ్వేవాళ్లున్నారు. నవ్వనీ. వాళ్లెవరూ మా అమ్మమ్మ దగ్గర పెరగలేదు.

ఆ ఇంటి సంగతేమిటంటే... ఒకప్పుడు రాత్రిపూట దాని ముందు నుంచి వెళ్తుంటే లోపల్నుంచి ఎవరో పిలిచేవాళ్లట. గట్టిగా కాదు. గోడకి అవతల మనిషి, గోడకి నోరు ఆనించి మాట్లాడినట్టు—

"తలుపు తియ్యి."

అంతే. తలుపే లేని ఇంట్లోంచి.

ఉప్పు అమ్ముకునేవాడొకడు అది విని, గాడిదనీ ఉప్పునీ అక్కడే వదిలేసి పరిగెత్తాడట. మూడు రోజులు వాడికి నోట మాట లేదట. మా ఊరి పాత పాదిరీ ఒకాయన మంత్రించిన నీళ్లు తీసుకెళ్లి నాలుగు మూలలా చల్లి, ప్రార్థన చదివి, ఇక భయం లేదని చెప్పి వెనక్కి తిరిగాడట. నాలుగడుగులు వేశాడో లేదో, వీపు వెనకాల మళ్లీ అదే మాట. ఆయన ఆ తర్వాత పట్నం వెళ్లాల్సి వస్తే ఏటి పక్క దారినే పోయేవాడు, ఒక పూట ఎక్కువ పట్టినా సరే.

పిలిచేది ఎవరో అప్పుడు ఎవరికీ తెలీదు. సిపాయి అని కొందరు, చలికి పోయిన బిచ్చగాడని కొందరు. ఎవరూ ఆగి అడిగిన పాపాన పోలేదు.

అడిగినవాడు ఒక్కడే. మా అమ్మమ్మ మద్దలేనాకి తమ్ముడు, నుంజియో. మా ఊరి జైలు కాపలాదారు. అమ్మమ్మ నాకు చెప్పినదాన్ని చెప్పినట్టే చెబుతున్నాను. ఇందులో కొంత ఆవిడ కళ్లారా చూసింది. మిగతాది నుంజియో ఆవిడకి చెప్పింది.

ఇది ఫ్రెంచివాళ్లు మా దేశం మీదికి రాకముందు మాట, పదిహేడు వందల డెబ్బై ఒకటి. అప్పుడు మా జైలంటే ఊరి కచేరీ కింద ఒకే ఒక చీకటికొట్టు. సందులోంచి పదకొండు మెట్లు కిందికి దిగాలి. అడుగున మందపాటి తలుపు, దానికి అరచేతంత కిటికీ. కొట్టులోకి వెలుతురు రావడానికి గోడ పైన ఒక చువ్వల కంత ఉండేది. అది బయట సందులో నేలకి సమానంగా ఉండేది. నడిచేవాళ్ల కాళ్లు కనిపించేవి, అంతే. తాళంచెవి జానెడు పొడుగు. ఒక్కటే. అది ఎప్పుడూ నుంజియో నడుముకే ఉండేది.

నుంజియోకి నలభై ఏళ్లు. పెళ్లి కాలేదు. మెతక మనిషి. పదకొండేళ్లుగా ఆ ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఏడాదికి ఇరవై రెండు నెలలుగా జీతం లేదు.

అడగలేదా అంటే, అడిగాడు. ఊరి పెద్ద దోన్ కాటాల్డో దగ్గరికి వెళ్తే, ఆయన గడ్డం గీయించుకుంటూ అన్నాడు: "ఒరే నుంజియో, లోపలున్న ఖైదీ ఎవరివాడురా?"

"డ్యూకుగారి అడవిలో చెట్టు కొట్టినవాడు, దొరా."

"మరింకేం? డ్యూకుగారి ఖైదీకి ఊరు కాపలా డబ్బులివ్వాలా? ఆయన మనిషినడుగు."

చుట్టుపక్కల అడవులన్నిటికీ యజమాని అయిన డ్యూకుగారి వ్యవహారాలు చూసే మనిషి దగ్గరికి వెళ్తే ఆయనన్నాడు: "జైలు గోడలెవరివి?"

"ఊరివి, అయ్యా."

"అయితే ఊరినే అడుక్కో. రేపు కప్పు కారితే అదీ మా డ్యూకుగారే వచ్చి వేయించాలంటావేమో!"

ఇలా ఇరవై రెండు నెలలు. ఖైదీలకి పెట్టాల్సిన రొట్టె కూడా నుంజియోయే తన చిక్కుళ్లు, ఉల్లిపాయలు అమ్మి పెట్టేవాడు. పెట్టకపోతే ఎవరు పెడతారు?

ఆ చలికాలం లోపల ఉన్నది ఒక్కడే. ఒనోఫ్రియో. బొగ్గులు కాల్చుకుని బతికే ముసలాయన. శరదృతువులో తీసుకొచ్చి పడేశారు. తీర్పు వచ్చే వారం, వచ్చే వారం అంటూ జనవరి వచ్చేసింది. సాయంత్రాలు ఇద్దరూ తలుపు కిటికీలోంచి పేకముక్కలు అందించుకుంటూ ఆడుకునేవాళ్లు. ఎప్పుడూ ముసలాయనే గెలిచేవాడు.

"తీర్పు లేని ఖైదీని నేను, జీతం లేని కాపలావాడివి నువ్వు," అనేవాడు ఒనోఫ్రియో. "ఈ తాళం మనిద్దరిలో ఎవరికి వేశారంటావ్?"

చివరికి దోన్ కాటాల్డో ఒక ఉపాయం చెప్పాడు. పట్నం కచేరీకి వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోమన్నాడు. "వాళ్లు ఊరే ఇవ్వాలని రాసిస్తే, ఆ మర్నాడే నీ డబ్బు నీ చేతిలో పెడతా."

"ఖైదీకి తిండి, దొరా?"

"మా వంటింట్లోంచి పంపిస్తాలేరా. నేను మనిషిని కానా?"

సోమవారం తెల్లవారుజామున నుంజియో రెండు రొట్టెలు, ఒక కూజా నీళ్లు లోపల పెట్టాడు.

"ఎప్పుడొస్తావు?" అన్నాడు ఒనోఫ్రియో.

"ఎల్లుండి."

"ఆ తాళంచెవి ఎవరి దగ్గరన్నా వదిలి వెళ్లరాదూ? ఏదన్నా అయితే..."

"ఎవరి దగ్గర వదలను? అది పోతే నా ఉద్యోగం పోతుంది."

"ఏ ఉద్యోగం?" అని నవ్వాడు ముసలాయన.

నుంజియో కూడా నవ్వాడు. తాళం వేశాడు. వెళ్లాడు.

పట్నం కచేరీలో మంగళవారం మెట్ల మీద కూర్చోబెట్టారు. బుధవారం ఇంకాస్త పై మెట్టు మీద కూర్చోబెట్టారు. ఒక గుమాస్తా అతని కాగితం తిరగేసి, "జీతమా! నేను నా జీతం మొహం చూసి ఏడాదయింది. జరుగు, పక్కన నేనూ కూర్చుంటా, ఇద్దరం కలిసి ఏడుద్దాం," అన్నాడు. గురువారం సాయంత్రం లోపలికి పిలిచారు. పెద్దాయన తలెత్తకుండానే చెప్పాడు— ఇది మా పరిధిలోది కాదు, మీ ఊరి పెద్దనే అడగాలి.

శుక్రవారం పొద్దున నుంజియో వెనక్కి బయల్దేరాడు. చేతిలో ఉత్తర్వు లేదు, జేబులో డబ్బు లేదు. ఎల్లుండి వస్తానని చెప్పి వచ్చి అయిదో రోజు. అయినా ముసలాయన సంగతి అతనికి బెంగ లేదు. దోన్ కాటాల్డో మాటిచ్చాడు కదా.

సాయంత్రానికి కనుమ కింద సత్రం చేరాడు. సత్రం ఆవిడ అతన్ని చూసి బుగ్గలు నొక్కుకుంది.

"పై నుంచి మూడు రోజులుగా పురుగన్నది దిగలేదయ్యా. మంగళవారం మొదలైన మంచు ఇందాకే ఆగింది. మీ ఊళ్లో సందులన్నీ నడుంలోతున పూడుకుపోయి ఉంటాయి."

"ఎంత లోతు?"

"నడుంలోతు."

నుంజియో చేతిలో చారు గిన్నె అలాగే ఉండిపోయింది. నడుంలోతు... చువ్వల కంత ఉండేది నేల మట్టానికి. అది పూడిపోతే వెలుతురుండదు. అరిస్తే బయటికి వినబడదు. దోన్ కాటాల్డో వంటింటి నుంచి రొట్టె బయల్దేరినా, పూడిపోయిన సందులోంచి తలుపు కిటికీ దాకా తెచ్చేదెవరు? చలికి ముసలాయనకి ఏమన్నా అయితే బయటికి తియ్యడానికి మరో దారి లేదు— తలుపు తప్ప.

తలుపు తాళంచెవి తన నడుముకుంది.

లేచాడు. ఒక రొట్టె, కాస్త జున్ను కొనుక్కుని సంచిలో పడేసుకున్నాడు. కంబళి కప్పుకున్నాడు.

"ఇప్పుడా? మతి పోయిందా?" సత్రం ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "కనుమ మీద ఆ ఇల్లుంది. తెలుసుగా?"

"తెలుసు."

ఆవిడ గొంతు తగ్గించింది. "పిలిస్తే పలక్కు."

మబ్బు విడిపోయింది. వెన్నెల. కొండంతా తెల్లగా, చప్పుడు లేకుండా పడి ఉంది. మోకాళ్ల దాకా దిగబడుతూ, లేస్తూ, మళ్లీ దిగబడుతూ నడిచాడు నుంజియో. తన ఊపిరి తప్ప ఇంకేం వినబడటం లేదు. మనసులో ఒకటే లెక్క. రెండు రొట్టెలు... ఎంత పొదుపుగా తిన్నా బుధవారానికి అయిపోతాయి. తర్వాత గురువారం. తర్వాత ఇవాళ...

నడిరాత్రికి కనుమ చేరాడు.

ఇల్లు కనిపించింది. సగం కప్పు మీద మంచు. ద్వారం ఉండాల్సిన చోట నల్లటి సందు. నుంజియో తల వంచుకున్నాడు. కళ్లు తన కాళ్ల మీదే పెట్టుకుని నడిచాడు. ఇల్లు పక్కకొచ్చింది... దాటింది... ఇంకో పదడుగులు...

"తలుపు తియ్యి."

ఆగిపోయాడు.

ఆగకూడదని తెలుసు. పలక్కూడదనీ తెలుసు. కానీ పదకొండేళ్లుగా ఆ మాట వినబడగానే లేచి వెళ్లడమే అతని పని. కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి.

"ఎవరది?"

లోపల చీకటి.  తర్వాత—

"తలుపు తియ్యి..."

"తలుపెక్కడుంది?" నుంజియో గొంతు అతనికే కొత్తగా వినబడింది. "ఏ అడ్డూ లేదు. బయటికి రా."

"తాళం వేసి ఉంది."

"ఎవరు వేశారు?"

 లోపల, నేలకి దగ్గరగా, ఎవరో కాళ్లు దగ్గరికి ముడుచుకున్న చప్పుడు. తర్వాత, పళ్ల మధ్య నుంచి—

"చలి."

ఆ ఒక్క మాటతో నుంజియో భయం ఎటు పోయిందో పోయింది.  పూడిపోయిన సందు, చీకటికొట్టు, గోడవార ముడుచుకుని కూర్చున్న ముసలాయన... అవే కళ్ల ముందున్నాయి.

"పెద్దాయనా... నువ్వేనా?"

ఔననలేదు. కాదనలేదు.

ఇక్కడ మా అమ్మమ్మ కథ ఆపి, పొయ్యిలో ఒక కట్టె తోసేది. "వాడెందుకలా చేశాడో వాడికే తెలీదురా," అనేది. "సిగ్గేసిందన్నాడు. అంతే చెప్పాడు నాకు. సిగ్గేసిందక్కా, అన్నాడు."

నుంజియో నడుముకున్న తాళంచెవి తీశాడు. ఆ నల్లటి సందు ముందు నిలబడి, తలుపుంటే తాళం ఎక్కడుంటుందో అక్కడ, గాల్లో, తాళంచెవి పెట్టాడు.

అది లోపలికి వెళ్లింది.

గాల్లో కాదు. దేన్లోకో. తుప్పు పట్టిన ఇనుప తాళంలోకి వెళ్లినట్టు గీరుకుంటూ వెళ్లింది. తిప్పబోయాడు. తిరగలేదు. రెండు చేతులూ వేసి బలంగా తిప్పాడు.

టక్.

గడియ ఊడిన చప్పుడు కొండంతా వినిపించింది. మొహానికి చల్లగా ఏదో తగిలింది. మనిషి పక్కనుంచి హడావిడిగా వెళ్తే తగిలే గాలిలా... అతని భుజం రాసుకుని, దాటి, మా ఊరి వైపు పోయింది. మంచులో అడుగులు పడలేదు.

నుంజియో పరిగెత్తాడు. ఎలా పరిగెత్తాడో, ఎన్నిసార్లు పడ్డాడో గుర్తు లేదన్నాడు.

ఊరు చేరేసరికి ఇంకా చీకటే. సందులోంచి మంచు తవ్వుకుంటూ మెట్ల దాకా వెళ్లాడు. పదకొండు మెట్లూ తడుముకుంటూ దిగాడు. తలుపు వేసే ఉంది. తాళం తను వేసినట్టే ఉంది.

కిటికీ దగ్గర నోరు పెట్టాడు. "ఒనోఫ్రియో!"

పలుకు లేదు.

తాళం తీశాడు. లోపల చూపు ఆనని చీకటి. వంగి, చేతులు చాపి, గడ్డి మీద వెతికాడు. మూలన, గోడవైపు తిరిగి ముడుచుకున్న మనిషి చేతికి తగిలాడు. భుజం మంచుముద్దలా ఉంది.  చెయ్యి వీపు మీద పెట్టి చూశాడు... మెల్లగా... చాలా మెల్లగా... ఊపిరి కదులుతోంది.

"బతికే ఉన్నావు!" అన్నాడు. "తప్పయిపోయింది పెద్దాయనా. మెట్ల మీద కూర్చోబెట్టారు. రేపు రా, రేపు రా అన్నారు. నేను రావాల్సింది... అన్నీ వదిలేసి వచ్చెయ్యాల్సింది."

 ఆ మనిషి ఇటు తిరగలేదు.

నుంజియో సంచిలోంచి రొట్టె తీసి చేతికిచ్చాడు. వేళ్లు దాన్ని పట్టుకున్నాయి. తన కంబళి తీసి మెడ దాకా కప్పాడు. "తిను. అక్క దగ్గరికెళ్లి వేడి చారు తెస్తాను. చిటికెలో వస్తా."

అలవాటుగా తాళం వేసి, మెట్లెక్కి, అక్క ఇంటికి పరిగెత్తాడు. తలుపు దబదబా బాదాడు.

మా అమ్మమ్మే తీసింది. చేతిలో దీపం. తమ్ముణ్ణి చూడగానే వేలు పెదాల మీద పెట్టుకుంది.

"ష్... మెల్లగా. ఇప్పుడే నిద్రపట్టింది."

"ఎవరికి?"

"అదేమిట్రా? నువ్వేగా పంపించావు!" ఆవిడ పక్కకి జరిగింది. పొయ్యి పక్కన, ఆవిడ పాత శాలువా కప్పుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు— ఒనోఫ్రియో.

నుంజియో నడుముకున్న తాళంచెవి తడుముకున్నాడు.

ఆ మాటలకే ముసలాయనకి మెలకువ వచ్చింది. నుంజియోని చూసి నవ్వాడు. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

"వచ్చావా నాయనా. రాత్రి ఒక్క మాటన్నా మాట్లాడకపోతివి. కోపమొచ్చిందేమో అనుకున్నా."

"ఏ... రాత్రి?"

"ఈ రాత్రే. చర్చి గంట పన్నెండు కొట్టింది. కొట్టీ కొట్టగానే తాళం తిరిగింది. నువ్వే అనుకుని లేచాను. గుమ్మంలో నిలబడ్డావు. ఒళ్లంతా మంచు, మొహం కనబడలేదు. నేను బయటికి రాగానే నువ్వు లోపలికెళ్లావు. తలుపు నువ్వే వేసుకున్నావు. 'నుంజియో, అక్కడేం చేస్తావు?' అని అడిగాను కూడా. లోపల్నుంచి గడియ పడింది."

ఆ తలుపుకి లోపలి వైపు గడియ లేదు. తాళం రంధ్రమూ లేదు. ముగ్గురికీ ఆ సంగతి తెలుసు.

 పొయ్యిలో కట్టె ఒకటి చిట్లింది.

"నీ కంబళి ఏదిరా?" అంది మా అమ్మమ్మ.

 నుంజియో తన చేతివేళ్ల వైపు చూసుకుంటున్నాడు. రొట్టె ఇచ్చేటప్పుడు అవతలి వేళ్లు తగిలిన చోట.

తెల్లారింది. ముగ్గురూ కలిసి దోన్ కాటాల్డో ఇంటికి వెళ్లారు. ఆయన ముసలాయన్ని చూసి మొదట ఎగిరిపడ్డాడు. "ఖైదీని బయట తిప్పుతున్నావా? నిన్నే లోపలేయిస్తా!"

"మీ వంటింటి నుంచి భోజనం పంపించారా, దొరా?" అనడిగాడు నుంజియో.

దోన్ కాటాల్డో వాళ్లావిడ వైపు చూశాడు. ఆవిడ నేల వైపు చూసింది. మద్దలేనా పెడుతోందిగా అనుకున్నామంది. మద్దలేనా మంగళవారం రొట్టె పట్టుకుని కచేరీకి వెళితే, దొరగారింటి నుంచి వెళ్తోంది, నువ్వెందుకమ్మా అని గుమాస్తా తిప్పి పంపాడు. ఆ రాత్రి నుంచే మంచు. ముసలాయన రెండు రోజులు కంత నుంచి రాలిన మంచు నాకి బతికాడు.

నుంజియో రాత్రి జరిగిందంతా చెప్పాడు. తర్వాత తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు ఇరవై రెండు నెలలుగా జీతం లేదు. అంటే నేను కాపలావాణ్ణి కాను. లోపల ఒకరున్నారు. అతనెవరి ఖైదీయో, గోడలెవరివో, మీరే వెళ్లి తేల్చుకోండి."

దోన్ కాటాల్డో నవ్వాడు. ఇద్దరు బంట్రోతుల్ని వెంటేసుకుని బయల్దేరాడు. సందులో జనం పోగయ్యారు. మెట్ల మీద మంచులో అడుగులు స్పష్టంగా ఉన్నాయి. ముసలాయన పైకి వచ్చినవి, నుంజియో దిగినవి, నుంజియో ఎక్కినవి. అంతకంటే ముందు దిగినవారి అడుగు ఒక్కటీ లేదు.

దోన్ కాటాల్డో కిటికీ దగ్గర దీపం పట్టుకుని లోపలికి తొంగి చూశాడు. మూలన, కంబళి కింద, ఒక మనిషి ఆకారం.

"ఎవడ్రా అది?"

లోపల ఎవరో దగ్గారు. పొడి దగ్గు. చాలా కాలంగా దగ్గనివాడు దగ్గినట్టు.

బంట్రోతులు ముందు పైకొచ్చారు. వాళ్ల వెనకే దోన్ కాటాల్డో వచ్చాడు, టోపీ కింద పడేసుకుని. మొహంలో నెత్తురు లేదు.

"నువ్వే వెళ్లు నుంజియో... నాయనా, నువ్వే వెళ్లాలి. నీ ఉద్యోగం కదా."

"ఏ ఉద్యోగం, దొరా?"

మధ్యాహ్నం గంట కొట్టేలోపల ఇరవై రెండు నెలల జీతం మా అమ్మమ్మ ఒళ్లో పడింది. సగం ఊరి పెట్టెలోది, సగం దోన్ కాటాల్డో సొంత పెట్టెలోది. డ్యూకుగారి మనిషి ఒనోఫ్రియో మీది ఫిర్యాదు కాగితం చించేశాడు. ఆ చెట్టు దానంతటదే పడిపోయిందని కొత్త కాగితం రాశాడు.

నుంజియో తాళంచెవి తీసుకున్నాడు. ఒక్కడే మెట్లు దిగాడు.

పైన సందులో జనమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. తాళం తిరిగింది. తలుపు తెరుచుకుంది. తర్వాత నుంజియో మాట్లాడటం వినిపించింది— మెల్లగా, రోగి పక్కన కూర్చున్నవాడిలా. మాటలు తెలియలేదు. అవతలి గొంతు వినబడలేదు. మధ్యలో నుంజియో ఆగేవాడు, వింటున్నట్టు. మళ్లీ మాట్లాడేవాడు.

కాసేపటికి పైకొచ్చాడు. కంబళి చేతి మీద మడతపెట్టి ఉంది. వెనక తలుపు బార్లా తీసి ఉంది.

"లోపల ఎవరూ లేరు," అన్నాడు.

నిజంగానే లేరు. ధైర్యం చేసి దిగినవాళ్లు చూశారు. గడ్డి, కూజా, అంతే. రొట్టె తునక కూడా లేదు. మా అమ్మమ్మ కంబళి అందుకుంది. అది వెచ్చగా ఉంది.

నుంజియో ఆ రోజే ఉద్యోగం మానేశాడు. ఒనోఫ్రియోతో కలిసి కొండ మీద బొగ్గులు కాల్చుకుని బతికాడు. ఆ రోజు లోపల ఎవరితో మాట్లాడావని ఊరంతా అడిగింది. ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్లకి, జబ్బుపడి అక్క ఇంట్లో మంచం మీదున్నప్పుడు, ఒక సాయంత్రం తనంతట తనే ఎత్తాడట ఆ మాట.

"ఎవరో పట్నం తీసుకెళ్తూ ఆ ఇంట్లో పెట్టి తాళం వేశారటక్కా వాణ్ణి. మంచు పడుతోంది, రేపొచ్చి తీసుకెళ్తామని చెప్పి వెళ్లారట."

"మరి?"

"నన్నొక్కటే అడిగాడు. ఇది ఏ సంవత్సరం, అని."

"చెప్పావా?"

"డెబ్బై ఒకటి, అన్నాను." నుంజియో గోడవైపు తిరిగి పడుకున్నాడు. "అమ్మయ్య, అయితే ఒక్క ఏడాదే అయిందన్నమాట, అన్నాడక్కా. ఎంత సంతోషపడ్డాడో... రొట్టె పట్టుకుని లేచి, ఇంటికి పోతున్నానని వెళ్లిపోయాడు. అది ఏ వందలో డెబ్బై ఒకటో చెప్పడానికి నాకు నోరు రాలేదు."